విప్పలేని ఫోను

పక్కింటి మావయ్య పోయాడన్న కబురు నాకు ఫోన్లోనే తెలిసింది. అదీ ఆయన జన్మలో మెచ్చుకోని ఫోన్లో. పొద్దున్నే శంకర్ నగర్‌లోని ఆఫీసుకు ఆటో ఎక్కాను, అత్త గొంతు వినిపించింది. "మీ మావయ్య ఎలిపోనాడే గుంటా." నలభై దాటినా వాళ్ళిద్దరికీ నేను గుంటనే, చిన్నపిల్లనే. ఆటో వెనక్కి తిప్పమని డ్రైవరుకి కారణం చెప్పబోతే, మావయ్య అన్న పిలుపుకి హిందీలో మాట దొరకలేదు. అంకుల్ అన్నాను. అది నాకే ఎవరో పరాయి మనిషి గురించి చెప్పినట్టు వినిపించింది.

మీరెవరూ ఆయన్ని ఎరగరు. రైల్వే వ్యాగన్లు బాగుచేసేవాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా నాన్న, ఆయన ఒకే షెడ్డులో ఫిట్టర్లు. క్వార్టర్లు పక్కపక్కన. రిటైరయ్యాక ఆయన కాలనీ వెనకాలే ఇల్లు కట్టుకున్నాడు. అమ్మా నాన్నా పోయి, నేను తెలీబంధా పేటలో ఒక్కదాన్నే గది తీసుకున్నాక, ఈ హిందీ ఊళ్ళో నాతో తెలుగులో దెబ్బలాడే మనిషి ఆయనొక్కడే మిగిలాడు. మేం దెబ్బలాడుకునేది ఫోను కంపెనీల గురించి. నవ్వకండి, అదే మాకు లోకం.

ఆదివారం పేపర్లో ఫోన్ల ప్రకటనలన్నీ ముందేసుకుని కూర్చునేవాడు. కంపెనీ పేరు ఆయన నోట ఏనాడూ వినలేదు, అన్నీ దేశాలే. "చైనావోడు పెళ్ళి భోజనంలాగ అన్నీ వడ్డించేస్తాడు. తెల్లారితే ఏటి తిన్నామో గుర్తుండదు." "కొరియావోడు పనోడే గానీ, ఒకటడిగితే నాలుగు తగిలిస్తాడు." అమెరికావాడంటే మాత్రం ఒళ్ళు మంట. "ఆడు మనింటికొచ్చి మనకే తాళం ఏస్తాడే!"

కొత్త ఫోను ఏది ఇచ్చినా ముందు తెర చూసేవాడు కాదు. వెనక్కి తిప్పి, వేలి కణుపుతో రెండు చోట్ల కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. వ్యాగన్ చక్రాలను సుత్తితో కొట్టి పగులు కనిపెట్టిన చెవి అది. ఆ తర్వాత మూత ఎలా ఊడుతుందని అడిగేవాడు. "విప్పలేంది మనది కాదు గుంటా. అద్దెకి తెచ్చుకున్నట్టే." తన ఫోనుకి మూడుసార్లు తనే బ్యాటరీ మార్చుకుని, మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసుకున్నాడు.

నా మొదటి ఉద్యోగం ఆ చేతుల చలవే. ఇంటర్వ్యూ పిలుపు వస్తుందన్న రోజే నా బటన్ల ఫోను చచ్చి ఊరుకుంది. నేను ఏడుపు. ఆయన పాత శుభలేఖ వెనక ఫోను బొమ్మ గీసి, తీసిన స్క్రూ తీసినట్టే ఆ బొమ్మ మీద దాని చోట్లో పెట్టుకుంటూ పోయాడు. "ఎక్కడిది అక్కడుంటే ఏదైనా మళ్ళీ నిలబడతాది" అన్నాడు. మధ్యాహ్నానికి ఫోను మోగింది. ముందు ఎత్తింది ఆయనే. "రుకియే సాబ్, బచ్చీ యహీఁ హై" అని, పిల్ల ఇక్కడే ఉందని వాళ్ళకి చెప్పి నా చేతికిచ్చాడు.

అలాంటి మనిషిని నేనేమన్నానో కూడా చెప్పాలి. అమెరికావాడి ఫోను కొనుక్కుని గొప్పగా పట్టుకెళ్ళాను. షెడ్డు స్నేహితులిద్దరు కూర్చుని ఉన్నారు. ఆయన వెనక కొట్టి, విని, "అద్దం మోత. పగిలితే పారెయ్యడమే. ఏటి చూసి కొన్నావే?" అన్నాడు. వాళ్ళు నవ్వారు. నాకు చుర్రుమంది. "వ్యాగన్లు తప్ప మీకేటి తెలుసు మావయ్యా?" అనేశాను. ఆయన ఫోను జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, "నిజిమేలే" అన్నాడు. ఆయన నా దగ్గర ఓడిపోవడం అదే మొదటిసారి.

మళ్ళీ వెళ్ళలేదు. ఈ వారం, పై వారం అంటూ నాలుగు నెలలు. నోరు తెరిచి ఒక్క తెలుగు ముక్క మాట్లాడని ఆదివారాలు ఎన్నో, గదిలో పడుకుని ఆ ఫోనే చూసుకుంటూ. తప్పు నాదే. సిగ్గేసి వెళ్ళలేదు, అంతే.

మావయ్య పోయిన పన్నెండో రోజు, వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక అత్త బీరువాలోంచి ఒక డబ్బా తెచ్చింది. నా ఫోనే. అదే కంపెనీ, అదే రంగు. సీలు కూడా తియ్యలేదు.

"నువ్వలిగెళ్ళిన నెలకే తెచ్చాడే. తియ్యమంటే తియ్యడు. గుంటొచ్చి నేర్పాల, అప్పుడిద్దరం కూకుని దీన్నే తిట్టుకుందుం అనీవోడు. ఆదివారం ఆదివారం బల్ల మీద ఎట్టీవోడు, సాయంత్రానికి మళ్ళీ లోపలెట్టీవోడు."

"ఒక్క ఫోను చెయ్యకపోయాడా అత్తా?"

"నానూ అన్నాను. దానికే తోచాల అనీవోడు."

చాలాసేపు ఏడ్చాను. తర్వాత అత్తే సీలు చింపి నా చేతికిచ్చింది. ఆన్ చేశాను. తెర మీద నమస్కారాలు మొదలయ్యాయి, ఒక్కో భాషలో ఒకటి, వస్తూ పోతూ.

"ఏటంటందే అది?"

"దండం పెడుతోంది అత్తా. అన్ని భాషల్లో."

"మన బాస ఉందా?"

ఉంది. చదివేలోగా వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుందని ఇద్దరం ఆ తెల్లటి తెర మీదికి వంగి కూర్చున్నాం.