పలకరింపు బాబాయ్

ఆయనకున్నది ఒకటే జబ్బు, పలకరించడం. ఎదురుపడ్డ మనిషిని పలకరించకుండా దాటిపోతే ఆయనకు తిన్నది అరగదు. లిఫ్టు ఎక్కితే అందులో ఉన్నవాళ్ళందరినీ పలకరిస్తాడు. ఎవరూ లేకపోతే లిఫ్టునే, "ఏమ్మా, ఇవాళ మరీ మూలుగుతున్నావ్?" అని అడుగుతాడు. ఇంతవరకైతే లోకంలో ఇలాంటివాళ్ళు చాలామందే ఉంటారు. మా పలకరింపు బాబాయ్ తను పలకరించడం చాలక, యంత్రం చేత కూడా పలకరింపజేసేవాడు.

నాకు ఆయన చుట్టమేమీ కాదు. ఓ పెద్ద కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో పక్క కుర్చీ. ఆఫీసు మొత్తానికీ బాబాయే కాబట్టి నాకూ బాబాయ్. ఏ అంతస్తులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా, ఎవరి కార్డుకు తలుపు తెరుచుకోకపోయినా ఫిర్యాదు మా సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి పడేది. అక్కడి నుంచి తనంతట తానే నడిచేది. ఎవరికి పంపాలి, ఎవరి అనుమతి అడగాలి, ఏ మెట్టు దగ్గర ఏ సందేశం వెళ్ళాలి, అన్నిటికీ ముందే వేసి పెట్టిన దారులుంటాయి. వాటిని వర్క్‌ఫ్లోలంటారు. మా ఆఫీసుకు తగ్గట్టు ఆ దారులు మార్చి వేసేవాడు బాబాయ్.

సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన మొదటి సందేశం "మీ అభ్యర్థన నమోదు చేయబడినది" అని ఉంది. అది చదివి బాబాయ్ మొహం చిట్లించాడు.

"చావు కబురు చల్లగా చెప్పినట్టుంది. ప్రింటర్ ఆగినందుకు ఇంత అవసరమా?"

సాయంత్రానికల్లా దాన్ని మార్చేశాడు. "మీ ప్రింటర్ అలిగిందని తెలిసింది. దాన్ని కొట్టకండి. మనిషిని పంపిస్తున్నాం." పాస్‌వర్డ్ మరచిపోయినవాళ్ళకు ఇంకోటి వెళ్ళేది. "మరచిపోవడం మనుషులకే చేతనవును. ఈసారి మీ పిల్లాడి పేరు పెట్టుకోకండి, అది అందరికీ తెలుసు."

అకౌంట్స్‌లో ఓ పెద్దావిడ ఆ సందేశాలకు జవాబులు రాయడం మొదలుపెట్టింది. మౌస్ కదలడం లేదన్న ఫిర్యాదుతో పాటు తన మోకాలూ కదలడం లేదని రాసింది. బాబాయ్ ఊరుకుంటాడా? జవాబులో 'మోకాలు' అన్న మాట కనిపిస్తే, "మీరు మెట్లు దిగకండి, మా మనిషే పైకొస్తాడు" అని వెళ్ళేలా ఓ కొత్త దారి వేశాడు. నెల తిరక్కుండా ఆ భవనంలో సగం మందికి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి.

ఇంకో మెలిక కూడా పెట్టాడు. ఒకే మనిషి ఒకే వారంలో మూడోసారి పాస్‌వర్డ్ మరచిపోతే, "ఒంట్లో బాగుందా?" అని యంత్రం అడిగేది. మా మేనేజర్ దాన్ని చూసి తల పట్టుకున్నాడు.

"ఇది హెల్ప్‌డెస్కా, ధర్మాసుపత్రా?"

"వారంలో మూడుసార్లు మర్చిపోయిన మనిషికి బాధ పాస్‌వర్డ్‌ది కాదు సార్," అన్నాడు బాబాయ్.

బాబాయ్ వాళ్ళావిడను పిన్నీ అనేదాన్ని. ఓసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడ గోడు వెళ్ళబోసుకుంది. "ఇంట్లో ఫ్రిజ్జుని కూడా పలకరిస్తాడమ్మా. 'ఏం చల్లగా ఉన్నావా' అంటాడు. నా దగ్గరికొచ్చేసరికి, కూరేంటి అంటాడు."

తర్వాత కంపెనీకి గ్రహచారం పట్టింది. ముందు పై అంతస్తు దీపాలు ఆరాయి, తర్వాత దాని కిందిది. ఖాళీ అయిన గదుల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉండేవి. మనుషుల్ని తగ్గించడానికని ప్రధాన కార్యాలయం ఓ అధికారిని పంపింది. ఆయనకు కత్తెర అని పేరు పడింది. గట్టిగా అరిచే మనిషి కాదు. అసలు మనుషులతో మాట్లాడే అలవాటే లేదు.

"తీసేసేవాళ్ళ లిస్టు వేయగానే కార్డు, అకౌంటు, ఫోను వరుసగా మూసుకోవాలి. చివర్లో ఇంటికి ఈమెయిల్," అన్నాడు.

"ముందు చెప్పొద్దా సార్?" అన్నాడు బాబాయ్.

"ఈమెయిల్‌లో ఉంటుంది కదా."

బాబాయ్ నసుగుతున్నాడని, ఆ వర్క్‌ఫ్లో కత్తెర తన వెంట వచ్చిన మనిషి చేత వేయించాడు.

అది మొదటిసారి నడిచిన రోజు పొద్దున్నే వాన. డ్రాయింగ్ సెక్షన్‌లో పాతికేళ్ళుగా పనిచేస్తున్న డ్రాఫ్ట్స్‌మన్ చేతిలో టిఫిన్ డబ్బాతో గేటు దగ్గరికొచ్చాడు. కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. అందరిలాగే ఫోన్ తీసి ఫిర్యాదు పెట్టాడు. వెంటనే జవాబొచ్చింది. "తలుపు అలిగినట్టుంది. కాస్త బతిమాలి చూడండి." అది బాబాయ్ రాసిందే. డ్రాఫ్ట్స్‌మన్ నవ్వుకుని కార్డు తుడిచి మళ్ళీ పెట్టాడు. అలా చాలాసేపు బతిమాలాడు. తెరుచుకోకపోయేసరికి ఇంకో ఫిర్యాదు పెట్టాడు. అప్పటికి ఆయన అకౌంటు కూడా పోయింది. అకౌంటు లేని మనిషి ఎవరైనా రాస్తే వెళ్ళే సందేశం ఒకటుంది. అదీ బాబాయ్ రాసిందే. "మిమ్మల్ని ఎప్పుడూ చూసినట్టు లేదే. మా కుటుంబంలోకి స్వాగతం."

ఆయన హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాడు. నేనే తీశాను.

"అమ్మాయ్, నాకు స్వాగతం అని వచ్చింది. ఏదో పొరపాటు జరిగినట్టుంది. కాస్త చూస్తావా?"

నేను చూశాను. తీసేసినవాళ్ళ లిస్టులో ఆయన పేరుంది. ఫోన్ బాబాయ్‌కి ఇచ్చాను. ఆయన నా స్క్రీన్ మీద ఉన్నది చదివి, ఫోన్ బల్ల మీద పెట్టేసి, గొడుగైనా తీసుకోకుండా కిందికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ వానలో నిలబడి ఉన్నారు. బాబాయ్ పెదవులు కదలడం లేదు. ఆయన్ను అలా చూడటం నాకు అదే మొదలు.

తిరిగొచ్చి, తడి బట్టలతోనే కూర్చుని, తను రాసిన సందేశాలన్నీ ఒక్కొక్కటిగా తీసేశాడు. "నమోదు చేయబడినది" మళ్ళీ వచ్చింది. మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "మీ యంత్రానికి ఒంట్లో బాగాలేదా?" అని ఒకరు. అకౌంట్స్ పెద్దావిడ మోకాలు పట్టుకుని మెట్లు దిగి వచ్చి, "నేనేమన్నాననీ, నాతో మాట్లాడటం మానేసింది?" అని నిలదీసింది. బాబాయ్ తలొంచుకుని కీబోర్డు తుడుస్తూ కూర్చున్నాడు.

గేటు దగ్గర గొడవలు ఎక్కువయ్యాయి. ఒకాయన కాపలావాణ్ణి తోసేశాడు. ఇంకొకావిడ అక్కడే స్పృహ తప్పింది. కత్తెర బాబాయ్‌ని పిలిపించాడు. స్క్రీన్ చూపించడానికి నేనూ వెళ్ళాను.

"నీ మాటలు మెత్తగా ఉంటాయట. దీనికీ ఓ సందేశం రాయి."

బాబాయ్ అక్కడే కూర్చుని రాశాడు, చెరిపాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిపాడు.

"రావట్లేదు సార్. ఇది యంత్రం చెప్పే మాట కాదు."

"మరెవరు చెప్తారు?"

"మధ్యలో ఓ మెట్టు పెడతాను. మనిషి వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. విన్న మనిషి 'విన్నాను' అని నొక్కాలి. నొక్కేదాకా కార్డు, ఫోను, ఏదీ మూసుకోదు."

కత్తెర సెక్షన్ల పెద్దల్ని పిలిచి అడిగాడు. ఒకాయనకు నడుం నొప్పి. ఒకాయనకు వరసగా మీటింగులు. మూడో ఆయన మాత్రం, "నా వల్ల కాదు సార్," అని నిజం చెప్పాడు.

"అయితే నా పేరు వేయండి," అన్నాడు బాబాయ్.

గేటు దగ్గర గొడవ లేకపోతే చాలనుకున్నాడు కత్తెర. సరేనన్నాడు.

ఇక బాబాయ్ కష్టాలు చూడాలి. ఆయన కనబడితే చాలు, మనుషులు మొహం పక్కకు తిప్పుకునేవారు. క్యాంటీన్‌లో ఆయన ఏ బల్ల దగ్గరికి వెళితే ఆ బల్ల ఖాళీ. ఒకతను ఆయన రావడం చూసి ఫోన్ చెవికి తిరగేసి పెట్టుకుని గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. "బాబాయ్, మీకు పుణ్యముంటుంది, మా వైపు రాకండి," అని మరొకరు దణ్ణం పెట్టారు. "ఎలా ఉన్నావ్?" అన్నందుకు స్టోర్స్ కుర్రది బావురుమంది. ఆయన ఊరికే అడిగాడు, లిస్టులో ఆ పిల్ల పేరే లేదు.

ఆ రోజు నుంచి బాబాయ్ ఎవర్నీ పలకరించడం మానేశాడు. లిఫ్టు ఎక్కకుండా వెనక మెట్ల మీదుగా వచ్చి, గోడ వారగా నడిచి, తన కుర్చీలో కూలబడేవాడు. టీ కూడా నా చేత తెప్పించుకునేవాడు.

"ఎందుకొచ్చిన బాధ బాబాయ్ ఇది? యంత్రానికే వదిలేయరాదూ?" అన్నాను ఓ రోజు.

"వదిలేస్తే అది స్వాగతం అంటుందమ్మాయ్," అన్నాడు.

నా వంతు వచ్చిన రోజు నాకు ముందే తెలిసిపోయింది. పక్క కుర్చీ మనిషి లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయ్, లిస్టులో నీ పేరొచ్చింది. నీ తప్పేం లేదు. నువ్వు నొక్కేదాకా ఏదీ ఆగదు. తొందరేం లేదు."

అంతే అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన కదల్లేదు. ఆఫీసు ఫోన్‌లోంచే మా ఆయనకు చెప్పాను. కంప్యూటర్‌లో ఉన్న మా అమ్మాయి ఫోటోలు తీసుకున్నాను. పై అంతస్తుకు వెళ్ళి నలుగురికీ చెప్పి వచ్చాను. తలుపులన్నీ నా కార్డుకు తెరుచుకున్నాయి. కొత్త ఉద్యోగం దొరికేదాకా గడిచిన చెడ్డ రోజుల్లో ఆ తలుపులే గుర్తొచ్చేవి. నన్నెవరూ గెంటలేదు, నేనే నొక్కి వచ్చాను. గేటు దాకా నా అట్టపెట్టె ఆయనే మోశాడు.

కొన్ని నెలలకు కంపెనీలో ఎవరూ మిగల్లేదు. చివరి లిస్టులో బాబాయ్ పేరే వచ్చింది. ఆ మెట్టు దగ్గర వెళ్ళి చెప్పాల్సిన మనిషి పేరు కూడా బాబాయ్‌దే.

సంగతి తెలిసి ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. నేనొక్కదాన్నే వెళ్తున్నాననుకున్నాను. గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. ఆయన ఎవరెవరికి ఆ మాట చెప్పాడో వాళ్ళంతా ఎవరికి వారే పలకరింపుకొచ్చారు. అకౌంట్స్ పెద్దావిడ సోఫాలో సగం ఆక్రమించింది. డ్రాఫ్ట్స్‌మన్ తలుపు పక్కన స్టూలు మీద ఉన్నాడు. నెలల తరబడి మూసిపెట్టుకున్న నోరు తెరుచుకుందేమో, బాబాయ్ లోపలి గదిలో ఒకర్ని వదిలి ఒకర్ని పలకరిస్తూ తిరుగుతున్నాడు.

"మీకు మీరే చెప్పుకున్నారట కదా బాబాయ్?" అన్నాను, నా దగ్గరికొచ్చినప్పుడు.

"ఏం చేయను, కుర్చీ అద్దం ముందుకు లాక్కుని కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు," అని మళ్ళీ లోపలి గదిలోకి వెళ్ళాడు.

పిన్ని టీలు పంచుతూ మా దగ్గరికొచ్చింది. "ఈయన పిచ్చికి ఇలాగే అవ్వాలి. వేరే కంపెనీ వాళ్ళు పిలిచి ఉద్యోగం ఇస్తామన్నారు. అక్కడ యంత్రం చేత పలకరించనివ్వరట. అందుకని పోనన్నాడు. నేను వారం రోజులు మాట్లాడలేదు."

"ఎప్పుడమ్మా అది?" అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

"వానలప్పుడు. తడిసి ముద్దయి ఇంటికొచ్చాడు చూడండీ, ఆ మర్నాడే."

డ్రాఫ్ట్స్‌మన్ నా వంక చూశాడు. స్టూలు మీంచి లేచి, గేటు దగ్గర తనకేం జరిగిందో, మిగతావాళ్ళకు అలా జరగకుండా చూడటానికి బాబాయ్ ఎలా ఉండిపోయాడో పిన్నికి మెల్లగా చెప్పాడు. ఆవిడ టీ పళ్ళెం పక్కన పెట్టేసింది. లోపలి గదిలోకి చూసింది.

"ఆ ముక్క నాకు చెప్పి చావొచ్చుగా," అంది. గొంతులో కోపం మాత్రం లేదు.

అప్పుడే పక్కింటి పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. చెప్పుల గుట్ట చూశాడు. లోపల కళ్ళు తుడుచుకుంటున్న అకౌంట్స్ ఆవిడను చూశాడు. తల దించుకుని పిన్ని దగ్గరికొచ్చాడు.

"ఎప్పుడు జరిగిందమ్మా?"

"శుక్రవారమండీ," అంది పిన్ని, ముక్కు చీదుకుంటూ.

"ఏమైనా బాధపడ్డాడా?"

"లేదండీ. ఒక్క నొక్కుతో అయిపోయింది."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. అంతలో లోపలి నుంచి బాబాయ్ ఊడిపడి, "అరే, మీరా, రండి రండి, ఎలా ఉన్నారు?" అన్నాడు.

పెద్దాయన చెప్పుల మధ్యనే కూలబడ్డాడు. మేమంతా కంగారుగా లేచాం. బాబాయ్ మంచినీళ్ళు తెమ్మని కేకేసి, తనూ ఆ చెప్పుల మీదే కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, వాళ్ళింట్లో ఒక్కొక్కరి క్షేమసమాచారాలూ అడగడం మొదలుపెట్టాడు.