నడిమి గోడ

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారే, పెద్దకోడలు ఆ బాపతు మనిషి. ఆమె బట్ట కత్తిరించేది, చిన్నకోడలు కుట్టేది. వంటా, కుట్టుపనీ, పడకా అన్నీ ఒకే ఇరుకు గదిలో. ఇద్దరికీ మాటల్లేక ఏళ్లయింది. మడత ఎక్కడ రావాలో, చెయ్యి ఎంత ఉండాలో సుద్దతో గుడ్డ మీదే గీసి పెద్దామె అవతలికి విసిరేది.

కత్తెర మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. నేర్పితే చిన్నది నెత్తికెక్కుతుందని, నేర్పకపోతే దాని పిలక తన చేతిలోనే ఉంటుందని ధీమా. తనకు చూపు తగ్గి సూదిలోకి దారం ఎక్కడం లేదన్న సంగతి ఎవరితోనూ అనలేదు.

వీళ్లుండే వరస ఇళ్లన్నీ కూల్చి, కింద పని, పైన కాపురం ఉండేలా కొత్తవి కట్టబోతుంటే, ప్లాన్ గీసే అమ్మాయి వీళ్ల దగ్గరికొచ్చింది. పైన ఎవరి గదులు వాళ్లవి, ఎవరి మెట్లు వాళ్లవి. కింద మాత్రం ఇద్దరికీ ఒకటే పెద్ద గది. కాగితం చూడగానే పెద్దామెకు ఒళ్లు మండింది.

"దాని మొహం చూడలేకే కదమ్మా చస్తున్నాను! కింద కూడా గోడ కట్టు."

"అప్పుడు మీకు కుట్టేదెవరండీ?"

"కత్తిరించేవాళ్లు లేక అదే నాలుగు రోజుల్లో నా గుమ్మం ముందుకొస్తుంది, చూస్తూ ఉండు."

మొగుళ్లిద్దరూ ఎప్పటిలాగే వీధిలోకి జారుకున్నారు. చిన్నకోడలు తలెత్తకుండానే, "అక్క చెప్పినట్టే కట్టండి," అంది.

గోడ లేచింది. బల్ల ఇటు, మిషను అటు. పెద్దామె చొక్కాలు కత్తిరించి పేరుస్తూ, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ఎవరూ రాలేదు. ఒక పొద్దున గోడ అవతల కత్తెర కరకరలాడింది. తడబాటు లేని చప్పుడు. పెద్దామె వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లి చిన్నకోడలి గుమ్మంలో నిలబడింది. నేల మీద గుడ్డ పరిచి ఉంది. దాని మీద గీతలు అచ్చం తనవే.

"ఎవరు నేర్పారే నీకు?"

"మీరే. రోజూ గీసి నా మీదకి విసిరేవారుగా."

పెద్దామెకు కోపం రాలేదు, భయం వేసింది. తన గదిలో పేరుకున్న చొక్కాలు కుట్టే దిక్కు లేదు. గొంతు తగ్గించి అడిగింది.

"ఆ గోడకి ఓ తలుపైనా పెట్టిద్దామా?"

"ఎందుకక్కా? ఇక్కడికొచ్చాకే నాకు కంటినిండా నిద్ర పడుతోంది. కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు."