పడుకొని ఎంచుకున్న టీవీ

దేవిదాస్ నడుము విరిగింది 1983 చెరుకు కోతల్లో. రుద్రూర్ దారిలో లోడు బండి కాలువలోకి ఒరిగినప్పుడు ముందు కూర్చున్న అన్న ముత్తెన్న దూకేశాడు. వెనక చెరుకు మీద పడుకున్న దేవిదాస్ దూకలేకపోయాడు. మూడు నెలలు దవాఖానలో ఉండి, బాన్సువాడ శివారులోని ఇంటికి మంచం మీదే తిరిగొచ్చాడు. అప్పటికి ముప్ఫై ఒక్కేళ్లు. చేతులు బాగానే ఉన్నాయి. నడుము కింద మాత్రం ఏమీ తెలియదు. లేపి కూర్చోబెడితే కళ్లు తిరిగేవి.

తర్వాత మూడేళ్లు ఆ గదే. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పుండ్లు పడకుండా భార్య అరుణమ్మ గంట గంటకూ అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టేది. ఆమె గడప దాటబోతే చాలు, "ఎటు పోతున్నవ్?" అని అడిగేవాడు. బావి కాడికే అయినా అడిగేవాడు.

1986 ఎండాకాలంలో, దుబాయిలో మేస్త్రీ పని చేసే అరుణమ్మ తమ్ముడు బ్రహ్మానందం సెలవు మీద వచ్చి ఒక నల్లటి ఆట పెట్టె ఇచ్చాడు. దానికి తీగలతో, చేత్తో పట్టుకొని తిప్పే రెండు గుండ్రటి నాబులు.

"టీవీకి తగిలిస్తే తెర మీద చుక్క బంతి లెక్క ఉర్కుతది బావా. గీ నాబు తిప్పి కొట్టాలె. చేతులుంటే చాలు."

ఇంట్లో టీవీ లేదు. పెట్టె గూట్లో ఉండిపోయింది. దేవిదాస్ అప్పుడప్పుడు అడిగి తెప్పించుకొని, ఒట్టి నాబు తిప్పుతూ పడుకునేవాడు. అది చూడలేక అరుణమ్మ తన పుట్టింటివాళ్లిచ్చిన దూడను అమ్మింది.

"గీ పైసలకు కొత్తది రాదు. కిషన్‌లాల్ కాడ పాతయి ఉన్నయట," అంది.

కిషన్‌లాల్ తండా నుంచి వచ్చి, రేడియోల పని నేర్చుకొని, బస్టాండు దగ్గర దుకాణం పెట్టుకున్నవాడు. అరుణమ్మ ఆట పెట్టె సంచిలో పెట్టుకొని వెళ్లి, చెక్క తలుపులున్న పెద్ద టీవీ ఒకటి చూసి మురిసిపోయి వచ్చింది.

"బొమ్మ ఎట్లుంది?"

"సక్కగ నిలబడ్డది."

దేవిదాస్ తల అడ్డంగా ఊపాడు. ఏ పక్కకు తిప్పినా అతను పడుకొనే చూడాలి. నిలబడ్డ బొమ్మ అతనికి అడ్డంగా పడ్డట్టు కనిపిస్తుంది.

"నేనే రావాలె. పడుకొని సూడాలె," అన్నాడు. మూడేళ్లలో ఎవరికీ మొహం చూపించని మనిషి.

మరునాడు ముత్తెన్న బండిలో గడ్డి పరిచి, తమ్ముణ్ని ఎత్తి పడుకోబెట్టి, ఎద్దులను నడిపాడు. బజారులో జనం ఆగి చూశారు. దేవిదాస్ కళ్లు మూసుకున్నాడు. దుకాణంలో రెండు బెంచీలు కలిపి అతన్ని పడుకోబెట్టారు. గుమ్మం నిండా మనుషులు చేరారు. లేచి పోలేడు, అటు తిరగలేడు.

"పటేలా, ముందుగాల ఏది పెట్టుమంటవ్?" అన్నాడు కిషన్‌లాల్, ఎదురుగా చూస్తూ, మామూలు గిరాకీని అడిగినట్టే.

"టీవీని పక్క మీద నిలబెట్టు. నాకు నిటారుగ కనపడాలె."

కిషన్‌లాల్ ముందు పెద్దదాన్ని ఎత్తాడు. చెక్క తలుపుల టీవీని పక్కకు వాలిస్తే లోపల ఏదో కదిలింది. బొమ్మ జారిపోయింది. దాని వేడి పోయే రంధ్రాలు ఆ పక్కనే ఉండటంతో మూసుకుపోయాయి. "గిది కాలిపోతది," అని తీసేశాడు. రెండోది చిన్నది. బాగానే నిలిచింది గానీ, ఆట పెట్టె తగిలిస్తే నాలుగడుగుల దూరం నుంచి చుక్క కనిపించలేదు. మూడోది గీతలు పడ్డ టీవీ, చానల్ మార్చే పిడి లేదు. పక్క మీద పెట్టి అరగంట నడిపారు. బొమ్మ కదల్లేదు. చుక్క తెర అంచు దాకా తేటగా వచ్చింది.

"దాపెట్టి అమ్మను పటేలా. దీని పిక్చర్ గొట్టం ముసలిదయ్యింది. రెండేండ్లు వస్తది, అటెన్క మసక."

"రెండేండ్లు నాకు తక్కువనా?" అన్నాడు దేవిదాస్. కిషన్‌లాల్ ఆ టీవీనే బండిలోకి ఎక్కించాడు.

ఇంటికొచ్చాక మొదటి వారం ఒక్కడే ఆడాడు. తర్వాత రెండో నాబు అరుణమ్మకిచ్చాడు. ఆమె మెడ పక్కకు వంచి చూస్తూ ఆడి, మూడో రోజుకే అతన్ని ఓడించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు దేవిదాస్ ఎప్పుడు విన్నాడో అతనికే గుర్తులేదు. తాను తలుపు దాటి పోలేక ఆమెనూ పోనివ్వలేదని అప్పుడు తట్టింది.

"మీ అవ్వను చూసి ఎన్నాళ్లయింది?"

"మూడేండ్లు." ఆమె తల్లి ఉండే బిచ్కుందకు బస్సులో గంట కూడా పట్టదు.

"పోయి నాలుగొద్దులు ఉండి రా."

"నిన్నెవలు తిప్పుతరు?"

దేవిదాస్ అన్నను పిలిపించాడు. బండి ఒరిగిన రోజు నుంచి ముత్తెన్న ఆ గదిలో కూర్చున్నది లేదు. ఏది చెప్పినా గడప అవతల నుంచే. ఆ రోజు లోపలికొచ్చి నేల మీద కూర్చున్నాడు. తమ్ముణ్ని ఎట్లా తిప్పాలో, దిండు ఎక్కడ పెట్టాలో అరుణమ్మ రెండుసార్లు చూపించింది. ఆమె బస్సెక్కి పోయాక ముత్తెన్న తమ్ముణ్ని పక్కకు తిప్పి దిండు సర్దాడు. ఇద్దరిలో ఎవరూ బండి మాట ఎత్తలేదు.

ముత్తెన్న రెండో నాబు చేతిలోకి తీసుకున్నాడు.

"ఎటు తిప్పాలెరా?"

"మెల్లగ తిప్పు," అన్నాడు దేవిదాస్. "నేను ముందు కొడుత."