లేని తుఫానుకు మార్కులు

నాచారంలో నేను డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యమంటే గైడే. ఫైనలియర్‌లో ఒక పాత అమెరికా నవల ఉండేది. దాన్ని ఎవరూ కొనలేదు. సార్ గైడు చూసి ప్రతీకలు, వ్యంగ్యం, ముందస్తు సూచనలు అంటూ చెప్పుకుపోయేవారు. మేము రాసుకుని, ప్రతి ప్రతీక కింద స్కెచ్ పెన్నుతో గీత కొట్టేవాళ్లం. గీతలు ఎన్ని ఉంటే మార్కులు అన్ని పడతాయని నమ్మకం.

నాకు ఎం.ఏ. ఇంగ్లిష్‌లో సీటు కావాలి. తెలుగు మీడియం వాణ్ణి కాబట్టి పట్టుదల ఎక్కువ. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నవల కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. చివరి అధ్యాయంలోని తుఫాను నాయకుడి మనోవేదనకు ప్రతీక అని గైడు చెబుతోంది. పుస్తకంలో తుఫాను లేదు. ఆ అధ్యాయమంతా ఎండే.

క్లాసులో లేచి, "సార్, జర గీ పేజీ సూడున్రి. గిండ్ల తుఫానే లేదు" అన్నాను.

ఆయన పుస్తకం ముట్టుకోలేదు. "తెలుగు మీడియంల సదివి గైడ్‌కే తప్పులు వడ్తున్నవారా? పేపర్ దిద్దేటోని కాడ గూడ గిదే గైడ్ ఉంటది. కూసో."

నా పక్క బెంచీవాడు అందుకున్నాడు. "నీ బుక్కుల వాన వడకుంటే మేమేం జేస్తంరా? గొడుగు మడిసి కూసో."

క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

పరీక్షలో సరిగ్గా ప్రతీకల ప్రశ్నే వచ్చింది. గైడు జవాబు నాకు కంఠతా వచ్చు. అయినా రాయలేదు. చివర్లో తుఫాను లేదనీ, ఉందన్నవాళ్లు నవల చదవలేదనీ రాశాను. ఆ పేపర్ బొటాబొటిగా గట్టెక్కింది. ఎం.ఏ. సీటు రాలేదు. తుఫాను కింద ఎర్రగా గీత కొట్టిన పక్క బెంచీవాడికి వచ్చింది.

తెలంగాణ వచ్చిన ఏడాది ఉప్పల్ బస్టాపులో వాడే కలిశాడు. ఇప్పుడు అదే కాలేజీలో లెక్చరర్, చంకలో అదే గైడు.

"నవల ఇప్పుడన్న సదివినవా?" అని అడిగాను.

"టైమేడుందన్నా, సిలబస్ ఒడువాలె గద."

"తుఫాను?"

"అది మస్తు ఇంపార్టెంట్."

ఒకప్పుడు 'రా' అన్నవాడు 'అన్నా' అంటున్నాడు. అంతే వాడి చదువు. "నీ కాడ ఆ బుక్కు ఉన్నదా, పిల్లలకు సూపిస్త" అన్నాడు.

ఉంది. ఇవ్వనని చెప్పి బస్సెక్కాను.