కొసరు పుదీనా

బాగేపల్లిలో బెంగళూరు బస్సెక్కాను. పక్క సీటులో పుదీనా గంపతో, దగ్గర్లోని పరగోడు ఊరి రైతమ్మ. బెంగళూరులో విదేశీయులుండే అపార్ట్‌మెంట్ల ముందు అమ్ముతుందట.

"గొడవలు జరుగుతాండే దేశమోళ్లకే కొసరేస్తానప్పా. ఇరాన్ పాపకి పిడికెడు, ఉక్రెయిన్ ఆయమ్మకి రెండు. అది తెలిసినకాడ్నుంచి అందరూ ఫోన్లో వార్తలు చూపించి అడుగుతాండారు. అమెరికా ఆయప్ప కూడా!"

నేనూ ఒక కట్ట కొని, కొసరడిగాను.

"మీది యా ఊరు? ఆడేం గొడవ జరుగుతాండాది?"

మాది కోనసీమలో చిన్న ఊరు. మా ఊరి గురించి ఒక్క చెడ్డవార్తయినా ఉండకపోతుందా అని జీవితంలో మొదటిసారి ఆశగా ఫోన్లో వెతికాను. రేపు గంటసేపు కరెంటు ఉండదన్న వార్త ఒక్కటే దొరికింది. అదే చూపించాను.

ఆమె కాసేపు ఆలోచించి, రెండు రెమ్మలు తుంచి ఇచ్చింది.