నిండుగా రాసిన సంవత్సరాలు

కార్తీకం రెండో సోమవారం తెల్లవారుజామున స్నానానికి నీళ్లు కాగుతుండగా, గోడ అవతలి నుంచి మా మరదలు ఒక్కసారే పిలిచింది, "అక్కా!" అని. ఆ పిలుపులోనే తెలిసిపోయింది. మా తమ్ముడు పోయాడు. నలభై ఎనిమిదేళ్లు. నలుగురిలో నేను పెద్దదాన్ని, వాడు ఆఖరివాడు. ముందు పోవాల్సింది నేను. దేవుణ్ని ఎందుకని అడగలేదు. దీపం పెట్టి, వాడి ఇంటికి నడిచాను.

మెట్‌పల్లిలో మా బాపు మగ్గం నేసేవాడు. మమ్మల్ని కన్న అవ్వ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. ఆ ఏడే నాకు పెళ్లయింది. మందమర్రి వైపు ఒక చిన్న బొగ్గు గని కాలనీకి కాపురానికి వస్తూ వాణ్ని వెంట తెచ్చుకున్నాను. మా ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మేలు ఈనాటికీ పూజలో తలుచుకుంటాను. వాడు ఇక్కడే చదివి, పందొమ్మిది వందల డెబ్బై రెండులో గని మీద మస్టర్ క్లర్కుగా చేరాడు. షిఫ్టుకు వచ్చినవాళ్ల హాజరు వేయడం వాడి పని.

వాడికి ఒక అలవాటుండేది. సంవత్సరం ఎక్కడ రాసినా నాలుగంకెలూ రాసేవాడు. మందు సీసా మీద, గొడుగు కర్ర మీద, చివరికి మామిడి తొక్కు జాడీ మీద కూడా.

"రెండు నెలలల్ల ఒడిసిపోయే తొక్కుకు గింత పొడుగు సంవత్సరమెందుకురా?" అని నవ్వేదాన్ని.

"సగం రాస్తే సగమే ఉన్నట్టుంటదక్కా."

ఆఫీసుకు కంప్యూటరు వచ్చాక వాణ్ని ఆ గదిలోకి మార్చారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలట. నాకది నచ్చింది. పట్నం నుంచి వచ్చి పని నేర్పిన మనిషి, సంవత్సరానికి రెండు గళ్లు చాలు, నాలుగు పెడితే జాగా దండుగ అన్నాడట. వీడు ఒక్కసారి అడ్డం చెప్పి ఊరుకున్నాడు. నౌకరీ కదా. అప్పటిదాకా రిజిస్టర్లలో నిండుగా రాసిన సంవత్సరాల ముందటి రెండంకెలూ తన చేతులతోనే తీసేసి, మిగిలినవి ఆ మిషన్‌లోకి ఎక్కించాడు.

నిరుడు వానాకాలంలో, మా వెనుక లైనులో ఉండే మల్లయ్యను దీపాల గది దగ్గర ఆపేశారు. గని లోపలికి దిగేవాళ్లకు కొన్నేళ్లకోసారి డాక్టరు పరీక్ష ఉంటుంది. పాసైనవాళ్లు మళ్లీ ఏ సంవత్సరం రావాలో రాసి పెడతారు. మల్లయ్య ఆ నెలలోనే పాసయ్యాడు. అయినా కంప్యూటరు తీసిన లిస్టులో అతని పేరు లేదు. పేరు లేకపోతే దీపం ఇవ్వరు, దీపం లేకపోతే గనిలోకి దిగనివ్వరు. మా దగ్గర అట్లా ఆపితే అందరికీ తోచేది ఒకటే. అన్‌ఫిట్. లోపల ఏదో పెద్ద రోగం ఉందని.

మల్లయ్య ఇంటికి వచ్చి మంచమెక్కాడు. సంగతి తెలిసి తమ్ముడు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. అతని భార్య రాజవ్వ వాకిట్లోనే ఎదురైంది.

"సూడక్కా, పొద్దటి సంది గిట్లనే పండుకున్నడు. హుస్నాబాద్‌ల ఉన్న బిడ్డకు కబురు పంపుమంటడు. రేడియో అల్లునికట, కోడిపుంజు ఎల్లమ్మ తల్లికట. సచ్చేటోడు రెండు గిన్నెల గటుక తాగుతడా?"

"నీకేమెర్క," అన్నాడు మల్లయ్య గోడ వైపు తిరిగే. "డాక్టరు మొఖం జూసి అబద్ధమాడుతడు. మిషిన్‌కు మొఖమేంది? నా ఛాతిల బొగ్గు నిండిందని దానికి తెల్సింది."

తమ్ముడు మంచం అంచున కూర్చున్నాడు. "మల్లన్నా, మల్ల పరీక్షకు ఎప్పుడు రమ్మన్నరు?"

"రెండువేలల్ల."

"మిషిన్ల రెండు సున్నలే ఉన్నయి. అది రెండువేలనుకోలే, పందొమ్మిది వందలనుకున్నది. గప్పుడు రమ్మంటే రాలే, గిన్నేండ్ల సంది ఏడ తిరుగుతుండు అని నిన్ను ఆపింది."

మల్లయ్య లేచి కూర్చున్నాడు. "పందొమ్మిది వందలల్లనా? అప్పటికి మా బాపు సుత పుట్టలే!"

"గదే తప్పు. ముందటి అంకెలు తీసేసింది నేనే. తప్పు నీది కాదు, డాక్టరుది కాదు."

"అయితే నాకేం లేదా?"

"ఏం లేదు. లిస్టుల నీ పేరు చేతితోని రాపిచ్చి వచ్చిన. రేపు పనికి పోతవు."

"ఒట్టు?"

"మా అక్క మీద ఒట్టు."

"ఇగ లెవ్వు," అంది రాజవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "ఆ పుంజు కాళ్లు విప్పు. నీతోని అది సుత పరేషానైంది."

తిరిగి వస్తుంటే మోరీ గట్టు దగ్గర తమ్ముడు ఆగాడు. "జర ఆగక్కా," అని కూర్చున్నాడు. ఊపిరి అందడం లేదు. కాసేపటికి మెల్లగా చెప్పాడు. "కరీంనగర్‌ల చూపెట్టుకున్న. గుండె పెరిగిందట. ఎక్కువ రోజులు ఉంటనని చెప్పలే. నీ మరదలుకు ఇప్పుడే అనకు."

ఏం లేదని మల్లయ్యకు ఒట్టేసి వచ్చిన మనిషి, వంద అడుగులు నడవకముందే నాకు చెప్పిన మాట ఇది. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను.

ఆఫీసులో పెద్దలు, కొత్త ప్రోగ్రాం వస్తుంది, తొందరేముంది అన్నారట. అది వచ్చినా, సంవత్సరాలు నిండుగా రాసిన లిస్టు ఎవరో ఒకరు తయారు చేసి ఇవ్వాల్సిందే. ఆ నిండు సంవత్సరాలు ఇంకా చేతితో రాసే వైద్య పరీక్షల రిజిస్టర్లలోనే ఉన్నాయి. ఆ పని వాడు అడిగి మరీ తీసుకున్నాడు.

"నీకెందుకురా ఈ పాణంతోని?" అన్నాను.

"పరీక్షయినోళ్లు అయినట్టే మల్లన్న లెక్క ఆగుతరక్కా. ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్క మంచం వడుతది. నేను కోసిందే, నేనే అతికిచ్చి పోత."

మెట్లెక్కవద్దని డాక్టరు అన్నాక సెలవు పెట్టాడు. ఆఫీసు నుంచి రిజిస్టర్లు ఇంటికే వచ్చేవి. రోజూ మధ్యాహ్నం నేను పోయి పక్కన కూర్చుని చదివేదాన్ని, వాడు గళ్లలో రాసేవాడు. ఐలయ్య, రెండువేల ఒకటి. కొమురయ్య, రెండువేల మూడు. లచ్చయ్య, రెండువేల రెండు. అన్నీ ఇంకా రాని సంవత్సరాలే. వాటిలో ఒక్కటైనా వాడు చూస్తాడో లేదో. ఒకనాడు చదువుతూ చదువుతూ ఆగి, కళ్లద్దాలు తీశాను.

"సదువక్కా. ఎందుకాగినవ్?"

"కండ్లద్దాలు మసకయినయిరా."

"తుడుసుకో. ఐలయ్యకు షిఫ్టు టైమైతున్నది," అని నవ్వాడు. వాడికి ఆ సంవత్సరాల మీద ఈర్ష్య ఉన్నట్టు నాకెన్నడూ కనబడలేదు. ఎవరిదైనా దూరం సంవత్సరం వస్తే ముఖం విప్పారేది. "రెండువేల నాలుగు! మంచిగుంది," అనేవాడు, సొంత అన్నకో తమ్ముడికో రాసినట్టు.

ఆఖరి రెండు కాగితాలకు వాడి చెయ్యి పట్టు తప్పింది. పెన్ను నేను తీసుకున్నాను. వాడు కళ్లు మూసుకుని, ఒక్కొక్క పేరుకూ అడిగాడు.

"నాలుగు గళ్లు నిండినయా అక్కా?"

"నిండినయిరా."

ఈ ఏడు దసరాకు ముందే ఆ కాగితాలు ఆఫీసుకు చేరాయి. కొత్త లిస్టు వచ్చిందని తోటి క్లర్కు చెప్పి పోయిన రోజు వాడు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. తర్వాత నెల రోజులు ఉన్నాడు. పాడె మోసినవాళ్లలో మల్లయ్య ఒకడు.

పదకొండో రోజు దాటాక, కార్తీకం ఆఖరి సోమవారం పొద్దున్నే గుడికి బయలుదేరాను. దారి గని ముందు నుంచే. మొదటి షిఫ్టు. మస్టర్ గది కిటికీలోంచి క్లర్కు పేర్లు పిలుస్తున్నాడు. ఆ మనుషుల్లో చాలామంది నాకు తెలియరు. "ఐలయ్య!" అని వినగానే నా పెదవులు రెండువేల ఒకటి అన్నాయి. "కొమురయ్య!" రెండువేల మూడు. పిలిచిన ప్రతి పేరుకూ దాని సంవత్సరం నాలో నేనే అనుకుంటూ నిలబడ్డాను. గుడికి పోయినా ఇంతకంటే వేరే ఏం అడుగుతాను? ఎవరినీ ఆపలేదు. ఒక్కొక్కరే దీపం అందుకుని, టోపీకి తగిలించుకుని, ఏటవాలు దారిలో నేల లోపలికి నడిచిపోయారు. చివరి మనిషి వెలుగు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను.