కక్కు కొట్టిన పైపు

మా ఆయన బంగారు గనుల వర్క్‌షాప్‌లో ఫిట్టర్. కంపెనీ సర్కారు చేతికి వచ్చాక ఉద్యోగంలో చేరారు. పని నేర్పిన ఫోర్‌మన్‌గారు రిటైరై బెంగళూరు వెళ్లిపోతున్నారని తెలిసినప్పటి నుంచీ మా ఆయనకు ఒకటే యావ. తన చేత్తో చేసిన పొగాకు పైపు ఆయన నోట్లో పెట్టి మరీ సాగనంపాలి.

బ్రయర్ అనే సీమ పొద వేరుగడ్డతో చేస్తారట. నిప్పుకు అంత తొందరగా కాలదట. దొరల కాలం నుంచి తన పెట్టెలో దాచుకున్న గడ్డను ఫోర్‌మన్‌గారే ఇచ్చారు. ఉన్నది ఆ ఒక్కటే. పాడైతే ఇంకొకటి దొరకదు.

ఇంట్లోనే మా నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని, ఆకురాయి పనులు నాకేం తెలుసు? సాయంత్రం దీపం పెట్టుకుని వచ్చి వసారాలో కూర్చునేదాన్ని. ఆ గడ్డ ముందు వంకాయలాగా, తర్వాత ముంతలాగా, చివరికి పైపులాగా మారుతుంటే, మనిషికి చేతులిచ్చిన దేవుడికి లోపలే దణ్ణం పెట్టుకునేదాన్ని.

నున్నగా రుద్దే సమయానికి చెక్కలో గుంటలు బయటపడ్డాయి. మా ఆయన కాఫీ కూడా ముట్టలేదు. మా అత్తమ్మ బాధ వేరు.

"రోలు నున్నగైపోయిండాది. పప్పు జారిపోతా ఉండాది. కక్కు కొట్టేవాడు వీధిలోకి వస్తే పిలవండప్పా."

ఆయన తలెత్తి రోలు వంక చూశారు. నాలుగు మేకులు సానపట్టి, కట్టగా బిగించి, రోలుకు గాట్లు పెట్టినట్టే పైపు ఒళ్లంతా కక్కు కొట్టడం మొదలుపెట్టారు. ఆ గరుకులో గుంటలు కలిసిపోయాయి.

"ఏందిరా అది, పనసకాయా?" అన్నది అత్తమ్మ.

"దొరలూ ఇట్లే చేస్తారమ్మా. ఫ్యాషను."

మర్నాడు ఆయన షిఫ్టుకు, నేను కూరగాయలకు వెళ్లాం. తిరిగి వచ్చేసరికి పైపు దేవుడి గూట్లో ఉంది. నిండా నూనె, పసుపు. నుదుట కుంకుమ బొట్టు. పొగాకు కూరే గుంటలో చిటికెడు తవుడు.

"దానికి పసుపు పుయ్యమని ఎవురు చెప్పినారమ్మా?" అన్నారాయన, ఇంట్లో అడుగుపెట్టీ పెట్టకముందే.

"చెప్పాల్నా? కక్కు కొట్టినాక పసుపు పుయ్యకుండా, తవుడు రుబ్బకుండా యాడన్నా వాడతారా?"

"దీంట్లో పప్పు రుబ్బరు."

"ఏం రుబ్బితే ఏంరా, కక్కు కక్కే కదా."

నేను నోరు తెరిచేలోగా ఆయన బట్టల సబ్బు పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో చీర ఉతికే ప్రతి ఆడదానికీ తెలుసు. పైపు ఎర్రగా అయిపోయింది.

"చూసినావా," అన్నది అత్తమ్మ తృప్తిగా, "దానంతట అదే కుంకుమ పెట్టుకునింది."

టీ డికాక్షన్ పూశారు, మైనం రుద్దారు. పైన నల్లబడింది కానీ పల్లాల్లో ఎరుపు అలాగే నిలిచి, చూడబోతే రాజేసిన బొగ్గులా బాగానే ఉంది. గడ్డతో పాటే ఫోర్‌మన్‌గారు ఇచ్చిన పాత పైపు నుంచి తీసిన నల్ల కాడ దానికి బిగించారు.

ఆదివారం చర్చి నుంచి ఫోర్‌మన్‌గారు నేరుగా మా ఇంటికి వచ్చారు. పైపు తిప్పి తిప్పి చూశారు. పొగాకు కూరి వెలిగించి, ఒక దమ్ము లాగి ఆగిపోయారు.

"ఏమప్పా, పొగ బాగుండాది. సాంబారు వాసన యాడనుంచి వస్తా ఉండాది?"

అత్తమ్మే ముందుకు వచ్చింది.

"పసుపు పెట్టింది నాయనా అది. మంగళవారం, శుక్రవారం దాంట్లో పొగాకు వెయ్యొద్దు."

మా ఆయన కళ్లు మూసుకున్నారు. ఫోర్‌మన్‌గారు పైపు నోట్లోంచి తీసి, "సరేనమ్మా" అన్నారు. వెళ్లేటప్పుడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, దారి పొడుగునా దాని మీద చెయ్యి వేసుకునే నడిచారు.

ఆ ఏడు క్రిస్మస్‌కు కేకు పట్టుకుని మమ్మల్ని చూడటానికి వచ్చారు. పైపు నోట్లోనే ఉంది. మా ఆయన ఆత్రంగా అగ్గిపెట్టె తీశారు.

"వద్దప్పా," అన్నారు ఫోర్‌మన్‌గారు, వంటింటి వైపు ఒకసారి చూసి. "ఈ పొద్దు శుక్రవారం."